చెమట గదికి తలుపు

2011 ఆగస్టులో మహబూబాబాద్ నుంచి బదిలీ మీద జనగామ టౌన్ సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వచ్చాను. ఏఈ అంటే కరెంటు శాఖలో జనానికి కనబడే మొదటి ఆఫీసరు. లైన్‌మన్లకు పైన, జనం తిట్లకు సరిగ్గా ఎదురుగా ఉండే కుర్చీ అది. నేను చేరిన కొన్నాళ్లకే రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసే మా తమ్ముడు కూడా సమ్మెలోకి దిగాడు. వాళ్లు బొగ్గు తీయలేదు కాబట్టి మాకు కరెంటు తగ్గింది. కరెంటు తగ్గింది కాబట్టి నా ఫోను ఆగకుండా మోగేది. తమ్ముడిది న్యాయమేనని అనుకుంటూనే, దానివల్ల వచ్చే తిట్లన్నీ నేను తినేవాణ్ని. ఆ రోజుల్లో ఒక్కచోట పది నిమిషాలు స్థిమితంగా కూర్చున్న గుర్తు లేదు.

అప్పుడే ఇనుప సామాను హోల్‌సేల్ వ్యాపారి వెంకటయ్య గారు, పెరటి తోటలో సానా పెట్టుకుంటానని అదనపు లోడుకు దరఖాస్తు ఇచ్చారు. సానా అంటే కట్టెతో చేసిన చిన్న గది. లోపల హీటరు మీద రాళ్లు పేర్చి ఉంటాయి. అవి బాగా కాలాక బల్ల మీద కూర్చుని చెమట పట్టించుకోవాలి, కావాలంటే రాళ్ల మీద చెంబెడు నీళ్లు చల్లుకోవాలి. హైదరాబాదులో ఏదో పెళ్లికి వెళ్లి హోటల్లో దిగినప్పుడు ఆయన భార్య రుక్కమ్మ గారు అందులో కూర్చున్నారట. ఏళ్లుగా వేధిస్తున్న మోకాళ్ల నొప్పులు ఆ రెండు రోజులూ తగ్గాయట. నాకు లోపల నవ్వొచ్చింది. జనగామలో చెమటకు ఏం కరువని?

ఎంపికలో నన్నూ కూర్చోబెట్టారు. కోతల బాధ ఉండదని వెంకటయ్య గారు కట్టెల పొయ్యితో నడిచేదే కావాలన్నారు. పొగ గొట్టం పక్కింటి కిటికీకి ఎదురుగా వస్తుందని రుక్కమ్మ గారే వద్దన్నారు. ఇక మిగిలింది కరెంటుదే. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గదికి ఆరు కిలోవాట్ల హీటరు చాలు. ఆయన తొమ్మిది తెస్తానన్నారు. ఏది కొన్నా పెద్దది కొనడం ఆయనకు అలవాటు. గట్టిగా చెప్పి మాన్పించాను. గోడలకు పైన్ కట్టె వాడమని అమ్మకందారు చెబితే, "అది పండ్ల డబ్బాలు కొట్టే కట్టె సార్, నా ఇంట్ల పెడ్తనా?" అని టేకు తెప్పించారు. నెల్లికుదురు నుంచి వడ్రంగి ఐలయ్యను పిలిపించారు.

ఇంకో కోరిక కూడా కోరారు. సబ్‌స్టేషన్ నుంచి ఒక్కో పేటకు వెళ్లే లైనును ఫీడరు అంటాం. దవాఖాన ఉన్న ఫీడరుకు కోత ఉండదు. వాళ్లింటికి ఆ లైను ఇమ్మన్నారు. "రాష్ట్రమే వస్తదంటున్నరు, నా ఇంటికి ఒక్క వైరు రాదా సారూ?" అన్నారు. రాదన్నాను. మొహం ముడుచుకున్నారు గాని మళ్లీ అడగలేదు.

తనిఖీ రోజున ఎర్త్ గుంత చూశాను. వైర్ల పూత గట్టిదనం కొలిచే మెగ్గర్ పెట్టి చూశాను. కొత్త హీటరు గోదాములో తేమ పీల్చుకున్నట్టుంది. లీకేజీ పట్టే స్విచ్ రెండుసార్లు పడిపోయింది. కాసేపు వేడెక్కించి తేమ పోగొట్టాక మూడోసారి నిలబడింది. నాకు తృప్తిగా అనిపించింది.

ఆ తర్వాత తలుపు చూశాను. సానా తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల గడియ ఉండకూడదు, తోస్తే చాలు వచ్చేయాలి. హీటరుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ చెప్పారు. ఐలయ్య అన్ని ఇళ్లకూ బిగించినట్టే లోపలికి తెరుచుకునేలా బిగించి, లోపల ఇనుప గడియ పెట్టాడు. అడిగితే, "ఆడమనిషి తానం జేసే అర్ర అసుంటిది గద సార్, గడియ లేకుంటె ఎట్ల?" అన్నాడు. మార్చమని చెప్పబోతుండగా సబ్‌స్టేషన్ నుంచి ఫోను. గేటు ముందు జనం కూర్చున్నారు, రమ్మని. "దర్వాజ మీ ఇష్టం, నా పని మీటరు దాకనే" అనేసి రిపోర్టు మీద సంతకం పెట్టాను. వెళ్లబోతుంటే రుక్కమ్మ గారు నవ్వుతూ ఎదురొచ్చారు. "మీ కోత నాలుగింటికి పడ్తది గద సార్. పావు తక్కువ నాలుగింటికి కూసుంట, కరెంటు పోంగనె లేస్త. గడియారం చూసుడు గూడ తప్పింది."

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం వాన పడింది. వాడకం తగ్గింది, ఇవాళ కోత వద్దని కంట్రోల్ రూము చెప్పింది. నాలుగు దాటినా ఫ్యాను తిరుగుతుంటే ఆఫీసులో హాయిగా కూర్చున్నాను. నాలుగుంబావుకు రుక్కమ్మ గారి మాట గుర్తొచ్చింది. కరెంటు పోతేనే ఆమె లేస్తారు.

వెంకటయ్య గారికి ఫోను చేశాను. ఆయన రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు నిరసనలో ఉన్నారు, డప్పుల మోతలో ఎత్తలేదు. ఇంటి ఫోనూ ఎవరూ ఎత్తలేదు. బండి తీస్తే రోడ్డు నిండా పొయ్యిలు, వంట గంజులు. అక్కడే నిలబడి సబ్‌స్టేషన్ ఆపరేటరుకు ఆ ఫీడరు ఆపమన్నాను. "ఆర్డర్ లేదు సార్, కంట్రోల్ రూమోళ్లు వద్దన్నరు" అన్నాడు. "నేను చెప్పిన్నని రాస్కో, టైం ఏస్కో. ముందుగాల బంద్ చెయ్యి" అన్నాను. ఆ లైను మీద దవాఖాన లేదు కాబట్టి ఆ మాట అనగలిగాను. బండి అక్కడే వదిలి పరుగెత్తాను.

పెరట్లో ఎవరూ లేరు. తలుపు తడితే లోపలి నుంచి సన్నగా గొంతు వినిపించింది. ఆవిరికి కట్టె ఉబ్బి గడియ బిగుసుకుపోయింది. ఆమె కొంగు చుట్టి లాగినా ఇనుము చేతిని కాల్చింది. వేడి పైకి పోతుందని ఆమె తెలివిగా నేల మీద కూర్చుండిపోయారు. పక్కకు జరగమని చెప్పి భుజంతో గుద్దాను. మూడో గుద్దుకు మరలు ఊడి వచ్చాయి. గడప మీద కూర్చుని ఆమె రెండు చెంబుల నీళ్లు తాగారు. మొహం ఎర్రగా కందిపోయింది, చేతికి బొబ్బ లేచింది.

"కోత ఆలిశం జేస్తివేంది సారూ?" అన్నారు. "నీ మీదనే భరోస పెట్టుకుంటి గద."

సిగ్గుతో చచ్చిపోయాననే చెప్పాలి.

అనుమతి లేకుండా సరఫరా ఆపినందుకు సంజాయిషీ అడిగారు. లైను మీద కొమ్మ పడిందని రాయి, అంతటితో పోతుందని పై అధికారి మంచికే చెప్పారు. నేను తలుపు సంగతి రాశాను. లోపలికి తెరుచుకోవడం చూశానని, చూసీ సంతకం పెట్టానని రాశాను. హెచ్చరిక ఇచ్చారు. అది నా సర్వీసు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. ఐలయ్య తలుపు తిప్పి బిగించాడు, గడియ తీసేశాడు. లోపల మనిషి ఉన్నట్టు తెలియడానికి తలుపు బయటి పిడికి ఎర్ర తువ్వాల కట్టుకుంటే చాలని రుక్కమ్మ గారే తేల్చారు.

మా రిపోర్టు ఫారంలో తలుపు గురించి రాసే గడి లేదు. అయినా రిటైరయ్యేదాకా, మనిషి లోపల ఉండే ఏ గదికి కనెక్షన్ ఇచ్చినా ముందు నేనే లోపలికి వెళ్లి, తలుపు వేసుకుని, తీసుకుని బయటికి వచ్చేవాణ్ని. ఆ తర్వాతే సంచిలోంచి మెగ్గర్ తీసేవాణ్ని.