కిరాయి సర్వర్లు, ఒక లిఫ్టు బండి

వాన వెలిసిన ఒక సాయంత్రం, రింగు రోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డులో నా స్కూటీ ఇసుక మీద జారింది. తొడ ఎముక విరిగింది. శంషాబాద్ ఆసుపత్రిలో లోపల రాడ్డు వేసి, ఎముక అతుక్కునేదాకా కాలు కింద పెట్టవద్దని చెప్పి ఇంటికి పంపారు. ఇల్లంటే కొత్వాల్‌గూడలో నేను అద్దెకుంటున్న మేడమీది రెండు గదులు. మా అమ్మ తెనాలి నుంచి రెండు సంచులతో వచ్చి వంటగది తన చేతుల్లోకి తీసుకుంది. నేను మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

నేను పనిచేసే కంపెనీ చిన్నది. నడవలేని ప్రయాణికుల్ని విమానం తలుపు దాకా లేపే లిఫ్టు బండ్లు తయారుచేస్తుంది. లారీ ఛాసిస్ మీద ఒక గది, గది కింద కత్తెరలా విచ్చుకునే ఉక్కు చేతులు. చక్రాల కుర్చీతో సహా మనిషిని గదిలోకి ఎక్కించి ఆ చేతుల్ని విప్పితే గది పైకి లేచి విమానం తలుపుకు ఆనుతుంది. అలా లేచినప్పుడు ఏ భాగం మీద ఎంత భారం పడుతుందో, ఏది ఎంత వంగుతుందో, ఉక్కు కొయ్యకముందే కంప్యూటర్లో బొమ్మ గీసి లెక్క కట్టడం నా పని. సిమ్యులేషన్ అంటారు. అది చేసే సాఫ్ట్‌వేర్‌కు పెద్ద కంప్యూటర్ కావాలి. అది ఆఫీసులో ఉంది. నేను మంచం మీద ఉన్నాను. నా పాత లాప్‌టాప్‌లో ఆ బొమ్మ తెరవబోతే ఫ్యాను రొద పెట్టి స్క్రీన్ బిగుసుకుపోయేది.

మా యజమాని బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చారు. ఆయనది శంషాబాద్ పక్క పల్లెలోని రైతు కుటుంబం. ఇంజనీరింగ్ చదివి, చాలా ఏళ్ళు వేరేచోట పనిచేసి, చివరికి సొంత షెడ్డు వేసుకున్నారు. రాజీనామా ఇవ్వమని మర్యాదగా అడగడానికే వచ్చారని నేను ముందే అనుకుని, ఆయన కంటే ముందు నేనే ఆ మాట ఎత్తాను.

"సర్, ఇంకొకర్ని చూసుకోండి. బండి ఆగిపోకూడదు."

ఆయన బత్తాయి ఒలుస్తూ తలెత్తారు. "ఏంది చూసుకునేది? కాలు ఇరిగింది గానీ బుర్ర ఇరగలేదు కదమ్మా."

"ఆ కంప్యూటర్ ముందు కూర్చోకుండా పని కాదు సర్."

"మా ఊళ్ళె వరికోత మిషన్ ఎవ్వరు కొంటున్నరు? కోతలప్పుడు కిరాయికి తెచ్చుకుంటరు, పనైనంక పంపిస్తరు. గిప్పుడు కంప్యూటర్లు గూడ గట్లనే కిరాయికి దొరుకుతున్నయట. యాడనో పెద్ద బిల్డింగుల ఉంటయట. నువ్వు ఈడ పండుకొని ఆడ నడిపియ్యొచ్చు. జర చూడు." ఒలిచిన బత్తాయి నా చేతిలో పెట్టి లేచారు.

ఆయన చెప్పేది క్లౌడ్ సంగతి. దాని గురించి నేను విననిది కాదు. అది పెద్ద కంపెనీలకే అనుకునేదాన్ని. వారంపాటు పడుకునే నేర్చుకున్నాను. ఎంత మెమరీ ఉన్న సర్వర్ కావాలో వెబ్‌సైటులో ఎంచుకుంటే, మనం ఎప్పుడూ చూడని యంత్రం ఎక్కడో మేలుకుంటుంది. లాప్‌టాప్ కేవలం దానికి కిటికీ. నడిచినంతసేపే కిరాయి, ఆపితే లేదు. మా సాఫ్ట్‌వేర్ లైసెన్సు మాత్రం ఆ యంత్రం మీద ఎంతకీ తెరుచుకోలేదు. సహాయం కోసం ఫోన్ చేస్తే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళ తరఫున ఒకమ్మాయి మాట్లాడింది. మధ్యాహ్నం భోజనం కూడా మానుకుని, నాతో పాటు ఒక్కొక్క అడుగు వేసి, లైసెన్సు తెరుచుకునేదాకా లైన్లోనే ఉంది. ఆమె గొంతు తప్ప నాకేమీ తెలియదు. థాంక్స్ చెబితే, "మీ కాలు జాగ్రత్తండీ" అని పెట్టేసింది. కాలు సంగతి ఏ మాటల్లో చెప్పానో నాకే గుర్తులేదు.

మొదటి పెద్ద లెక్క మొదలుపెట్టిన రోజే హిమాయత్ సాగర్ వైపు నుంచి గాలివాన లేచింది. కరెంటు పోయింది. దాంతోపాటు ఇంటర్నెట్టూ పోయింది. పొద్దున్నుంచి నడుస్తున్న లెక్కంతా గాలికి పోయిందనుకుని, నొప్పికి కూడా ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను. అమ్మకు ఏం చేయాలో తోచక కింద పోర్షన్‌లోని ఇంటి యజమానురాలిని పిలుచుకొచ్చింది. అక్క అని పిలుస్తాను ఆమెను. విమానాశ్రయంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. ఆదివారాలు చర్చిలో పాడుతుంది, మిగతా రోజులు మెట్లు కడుగుతూ పాడుతుంది.

"ఏమైంది చెల్లె? గింత పరేషాన్ ఎందుకు? నా ఫోన్ల నెట్టుంది, తీసుకో."

ఆమె ఫోన్‌తో లాప్‌టాప్ కలిపి చూశాను. లెక్క ఆగలేదు. నేను చీకట్లో ఏడుస్తున్నంతసేపూ ఆ దూరపు యంత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంది. స్క్రీన్ మీద అంకెలు ఒక్కొక్కటీ కిందికి కదులుతుంటే అక్క కూడా వంగి చూసింది.

"అంటే నీకు కరెంటు పోయినా దానికి పోదా?"

"పోదక్కా. అది వేరే ఊళ్ళో ఉంది."

"దేవునికి స్తోత్రం," అంది అక్క, ఎంతో మామూలుగా. నేనూ లోలోపల అదే అనుకున్నాను.

బండి డిజైన్ చక్కగా సాగింది. బలం చూశాను, వంపు చూశాను, పక్కనుంచి వీచే గాలిని కూడా పెట్టి చూశాను. అన్నీ నిబంధనల లోపలే ఉన్నాయి. రిపోర్టు పంపేశాను. ఉక్కు తెప్పించడానికి యజమాని సిద్ధపడుతున్నారు.

ఆ మర్నాడే నన్ను ఎక్స్‌రేకి తీసుకెళ్ళాలి. మా మెట్లు ఇరుకు, స్ట్రెచర్ మలుపు తిరగదు. అక్క భర్త, ఆయన తమ్ముడు నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకుని దించారు. ఇద్దరూ బలమైనవాళ్ళు, పొలం పని చేసే చేతులు. పడేయరని నాకు తెలుసు. అయినా మలుపు దగ్గర కుర్చీ కాస్త పక్కకు ఊగేసరికి కళ్ళు మూసుకుని అక్క మొగుడి చొక్కా కాలరు గుప్పిట పట్టుకున్నాను.

"భయపడకు చెల్లె, పట్టుకున్నం," అన్నాడాయన, మెడ బిగుసుకుపోతున్నా.

ఎక్స్‌రే బాగానే వచ్చింది. ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. లాప్‌టాప్ తెరిచి, పంపేసిన రిపోర్టులో గది పైకి లేచాక ఎంత ఊగుతుందో ఉన్న పేజీ మళ్ళీ చూశాను. నిన్న నాకది ఒక అంకె. ఇవాళ ఆ గదిలో నేను కూర్చుని ఉన్నాను. యజమానికి ఫోన్ చేశాను.

"సర్, గది ఊగుతోంది."

"పడిపోతదా?"

"పడిపోదు. విరగదు కూడా. నిబంధన ప్రకారం సరిగ్గానే ఉంది."

"మరేంది?"

కుర్చీ సంగతి చెప్పాను. పడనని తెలిసి కూడా కళ్ళు మూసుకున్న సంగతి చెప్పాను. లేచి దూకలేని మనిషికి చిన్న ఊపు కూడా చిన్నది కాదన్నాను. ఉక్కు ఆర్డరు ఆపితే ఆయనకు ఎంత ఇబ్బందో నాకు తెలుసు.

"నడిచేటోళ్ళకు గా సంగతి తెల్వదమ్మా," అన్నారు చివరికి. "చూడు. ఎన్ని తీర్ల చూడాల్నో అన్ని తీర్ల చూడు. ఉక్కు జర ఆగుతది."

ఆఫీసు కంప్యూటర్ మీదయితే ఒక్కో మార్పునూ వరసలో పెట్టి, ఒకటి అయ్యాక ఇంకొకటి చూడాలి. వారాలు పట్టేది. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఒకే రకం సర్వర్లు చాలా తీసుకుని, ఒక్కోదానికి ఒక్కో డిజైన్ ఇచ్చి, అన్నీ ఒక్కసారే నడిపించాను. చేతులు మందం చేస్తే చాలనుకున్నాను. పెద్దగా ఏమీ మారలేదు, బరువు మాత్రం పెరిగింది. అడ్డంగా గొట్టాలు పెట్టాను, కొంత మేలు. అసలు ఊపంతా చేతులు కలిసే పిన్నుల దగ్గరి సన్నటి సందుల్లో ఉంది. సందులు బిగించి, రెండు జతల చేతుల్నీ కాస్త ఎడంగా జరిపిన డిజైన్‌లో గది కుదురుగా నిలబడింది.

అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి స్క్రీన్ చూసింది. ఎక్కువ భారం పడే చోట్లు ఎర్రగా కనిపిస్తాయి.

"అక్కడేంటే అలా ఎర్రగా ఉంది? వాచిందా?"

"అవునమ్మా, కొంచెం వాచింది."

"మరి కాస్త కాపడం పెట్టకూడదూ," అని నవ్వింది. నా మంచం పక్కన కూర్చుని, ఆ ఎరుపు పసుపులోకి దిగిన బొమ్మలు ఒక్కొక్కటీ నాతోపాటు చూసింది. నేనేం పని చేస్తానో మా అమ్మ మొదటిసారి చూసింది ఆ సాయంత్రమే.

బండి తయారయ్యేసరికి నేను వాకర్‌తో నడుస్తున్నాను. పరీక్షించే రోజు షెడ్డు ఆవరణలో గాలి బాగా వీస్తోంది. అక్క సెలవు పెట్టి నాతో వచ్చింది. ఇసుక బస్తాలతో పరీక్షలన్నీ ముగిశాక, యజమాని నా వైపు తిరిగారు.

"ఎక్కుతవా?"

చక్రాల కుర్చీలో కూర్చున్నాను. అక్క వెనక నిలబడింది. తలుపు మూసుకుంది, గది లేచింది. ఊగలేదని చెప్పను, ఊగింది. కానీ ఊయల ఊపు కాదు, బస్సులో కూర్చున్నప్పటి చిన్న కదలిక. అక్క మొదట కమ్మీ గట్టిగా పట్టుకుంది. కాసేపటికి వదిలేసి కిటికీ దగ్గరికి పోయింది.

"అగో చెల్లె, మా టెర్మినల్! గీడికెల్లి గింత చిన్నగ కనవడ్తదా!"

నేను కళ్ళు తెరుచుకునే ఉన్నాను.

దిగాక యజమానికి ఏదో చెప్పాలనుకున్నాను. మంచం మీది మనిషి మాట విని ఉక్కు ఆపినందుకు. వాకర్ పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. ఆయనకు అర్థమైనట్టుంది. "మంచిగుంది, పోయి అన్నం తినుండ్రి," అని పనివాళ్ళ వైపు వెళ్ళిపోయారు.

ఇప్పుడు మామూలుగా నడుస్తున్నాను. పని ఎక్కువగా ఆ కిరాయి సర్వర్ల మీదే చేస్తున్నాను. అవి ఉన్న భవనాన్ని ఎప్పటికీ చూడనేమో. అక్కడ కేబుళ్ళు మార్చేవాళ్ళు, యంత్రాలు వేడెక్కకుండా చూసుకునేవాళ్ళు ఎవరో ఉండి ఉంటారు. నా కాలు విరిగిందని కూడా వాళ్ళకు తెలియదు. అయినా వాళ్ళ పని మీద ఆనుకునే నేను ఆ నెలలు గడిపాను.

బండి వేరే ఊరి విమానాశ్రయానికి వెళ్ళాక అక్కడినుంచి ఎవరో తీసిన చిన్న వీడియో యజమాని నాకు పంపారు. ఒక పెద్దావిడ చక్రాల కుర్చీలో పైకి వెళ్తోంది. కిటికీ వైపు చూడటం లేదు. కమ్మీ పట్టుకోలేదు. ఫోన్ చెవికి ఆనించి, పప్పులో ఉప్పు వేశారో లేదో ఇంట్లోవాళ్ళను గట్టిగా అడుగుతోంది. గది పైకి చేరి ఆగిన సంగతి కూడా ఆమె గమనించలేదు, తోసే అతను భుజం తట్టి చెప్పాల్సి వచ్చింది. ఆ వీడియోను అమ్మకు, అక్కకు పంపి, నేను మళ్ళీ మొదటినుంచి చూశాను.