అంపైరు లేని పళ్ళెమాట

ఆ రోజుల్లో నాకు లోకాన్ని బాగుచేయాలని మహా తొందరగా ఉండేది. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, మా సిమెంటు కొట్లో కూర్చోమని నాన్న పోరుతున్న కాలం. సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం కన్నా లోకాన్ని బాగుచేయడమే తేలికని నా అభిప్రాయం. అందుకే విశాఖ నుంచి ఓ సంస్థవాళ్ళు వచ్చి, పేదపిల్లలకి కొత్త ఆట నేర్పే కుర్రాళ్ళు కావాలనగానే అందరికంటే ముందు చెయ్యెత్తాను. ఆరు నెలలు ఊరికే నేర్పాలి. తర్వాత వాళ్ళొచ్చి చూసి, నచ్చితే జీతమిచ్చి కోచ్‌గా పెట్టుకుంటారు. నచ్చకపోతే సిమెంటే.

ఆట పేరు ఫ్రిస్బీ. ప్లాస్టిక్ పళ్ళేన్ని ఒకరికొకరు విసురుకుంటూ, కింద పడనీయకుండా అవతలి కొసకు చేర్చాలి. హద్దు గీత తొక్కి పట్టుకుంటే చెల్లదు. చోడవరంలో మా కొట్టు వెనక కూలీల పేట ఉంది. అక్కడ చెరకు బళ్ళు ఆగే ఖాళీ జాగాలో మొదలెట్టాను. పిల్లలు వారంలో నేర్చేసుకుని దానికి ‘పళ్ళెమాట’ అని పేరు కూడా పెట్టేశారు. (నేను నెల రోజులు వీడియోలు చూసి నేర్చుకున్న సంగతి వాళ్ళకి చెప్పలేదు.) చిక్కల్లా ఒక్కటే, ఈ ఆటకి అంపైరు ఉండడు. తప్పు చేస్తే ఎవరికి వారే ఒప్పుకోవాలి. ఆ పేటలో అలా ఒప్పుకున్నవాడు అప్పటిదాకా పుట్టలేదు.

"గీత తొక్కేవురా!" అని ఒకడంటే, "నేదు, అమ్మతోడు!" అని రెండోవాడు. "యేసయ్య మీద ఒట్టు, తొక్కేవు!" అని మూడోవాడు. ఆట పది నిమిషాలు, ఒట్లు అరగంట. ఓరోజు ముగ్గురు కొడుకుల తల్లి ఒకావిడ చేతిలో చీపురుతోనే వచ్చేసింది. "ఏటి బాబూ ఈ ఆట? ముగ్గురూ కలిసి రోజుకి యాభైసార్లు నా మీద ఒట్టేస్తన్నారు. నాకేటైనా అయితే నువ్వొచ్చి వండిపెడతావేటి?" అంది. నాకు నిజంగానే భయం వేసింది (నాకు వంట రాదు). ఆ సాయంత్రమే చట్టం చేశాను. ఒట్లు బంద్. ఒకసారి అడగాలి, ఒక మాట చెప్పాలి, ఆ మాటే ఖాయం.

"అబద్ధమాడితేనో సారూ?" అని అడిగింది లాయరమ్మ. పదకొండేళ్ళ పిల్ల. ప్రతిదానికీ వాదిస్తుందని నేనే పెట్టిన పేరది. "ఆడితే ఆడనీ. మనం మాత్రం నమ్మాలి," అన్నాను గంభీరంగా, ఎవరైనా ఫొటో తీస్తే బాగుండునని మనసులో అనుకుంటూ. విచిత్రమేమిటంటే, నెల తిరిగేసరికి పిల్లలు నిజాలు చెప్పడం మొదలెట్టారు. "తొక్కేనురా, తీసుకో" అని పళ్ళెం ఇచ్చేసేవారు. నాకంతా నా గొప్పే అనిపించింది.

విశాఖవాళ్ళు చూడ్డానికొచ్చిన రోజున ఒక జట్టులో ఒకడు తక్కువయ్యాడు. మాడుగులలో పెళ్ళికి వెళ్ళాడట. వాడి బదులు నేనే దిగాను. పిల్లలు పళ్ళెం కోసం పరుగెడుతుంటే నేను జీతం కోసం పరుగెత్తాను. గెలిపించే పాయింటు నా వైపే వచ్చింది. ఎగిరి పట్టుకుని, ముగ్గుపిండితో గీసిన గీత మీదే దిగాను. నాకు తెలుసు. అవతలి జట్టు లాయరమ్మ పక్కనే ఉంది.

"సారూ, గీత తొక్కేరా?"

"నేదు," అన్నాను.

ఆ పిల్ల నా కాళ్ళకేసి చూసింది. బొటనవేలు తెల్లగా ముగ్గుపిండిలో ముంచి తీసినట్టుంది. గొడవ పెడుతుందనుకున్నాను, పెట్టినా బాగుండేది. "సరే సారూ," అని తన జట్టువైపు తిరిగి, "ఒరే, పాయింటు ఆళ్ళదే. సారు సెప్పేరు," అంది.

అంత సిగ్గు జీవితంలో పడలేదు. పిల్లలు చేతులు కలుపుకోబోతుంటే ఇక ఆగలేక చెయ్యెత్తి అరిచాను, "తొక్కేను! పాయింటు సెల్లదు!" అని. తర్వాత ఆడిన ఆటలో శుభ్రంగా ఓడిపోయాం.

దూరంగా టెంటు కింద కూర్చున్న విశాఖవాళ్ళకి నా అరుపొక్కటే వినబడింది. "గెలిచే పాయింటు వదులుకున్నాడండీ! ఇలాంటి కోచే మాకు కావాలి," అంటూ వాళ్ళ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. పక్కనే లాయరమ్మ నా మొహంలోకి చూస్తోంది. ముందు అబద్ధమాడానండీ అని ఒక్క ముక్క చెప్పాలి. నేను నోరు విప్పలేదు. ఆ పిల్లా విప్పలేదు.

ఇప్పటికీ ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. పిల్లలకి నిజాయితీ నేర్పి జీతం తీసుకుంటున్నాను. లాయరమ్మ అనకాపల్లిలో నర్సు. బస్టాండులో ఎదురైనప్పుడల్లా "ఆ పెద్దాయనకి ఇంకా సెప్పలేదా సారూ?" అంటుంది. "సెప్తానమ్మా," అని నేను బస్సెక్కేస్తాను. పెద్దాయన మొన్న రిటైరైపోయారు. ఆయన ఇది చదువుతారో లేదో తెలియదు గాని, లాయరమ్మా, నువ్వైతే చదువుతావు. ఇదిగోనమ్మా, చెప్పేశాను.