అరగ్లాసుకే ఎర్రబడే మనిషి

మే నెల. ఉదయం ఆరింటికి మిలిటరీ లారీ మమ్మల్ని కొండ మీద పోస్టు దగ్గర దించింది. కింద విశాఖ రేవు. తొంభైల చివరి రోజులు. ఆరుగురం. రేకుల షెడ్డు, ఇసుక బస్తాల బంకరు, ఒక వైర్‌లెస్ సెట్టు. నాలుగేసి గంటల కాపలా. ఇనుప ఖనిజం దుమ్ము ఉతికిన బనీన్లను కూడా వదిలేది కాదు. మాది ఆనందపురం. ర్యాంకులో నాయక్‌ని కాబట్టి పోస్టు నా చేతికిచ్చారు.

మా ఆరుగురిలో ఒకడు సెట్టు ఆపరేటర్. ఈశాన్య కొండల మనిషి. గంటకోసారి "పోస్ట్ టూ, ఆల్ ఓకే, ఓవర్" అనడం తప్ప పెద్దగా మాట్లాడేవాడు కాదు. మా దగ్గరే తెలుగు నేర్చుకుని అందరినీ బావా అనేవాడు.

శనివారం సాయంత్రం రమ్ము వచ్చేది. పంచేది నేనే. అరగ్లాసు దిగేసరికి అతని ముఖం, మెడ, చెవులు ఎర్రబడేవి. గుండె దడగా ఉందని ఛాతీ మీద చెయ్యి పెట్టుకునేవాడు. మేం నవ్వేవాళ్లం.

"తాగతా ఉంటే అలవాటైపోద్ది బావా," అని ఇంకాస్త పోశాను.

రెండేళ్లలో నిజంగానే అలవాటైంది. ఎరుపు మాత్రం పోలేదు.

రిటైరయ్యాక నేను స్టీలు ప్లాంటు వైపు సెక్యూరిటీ పనిలో చేరాను. అతనూ ఇక్కడే ఉండిపోయాడు. ఒక గోడౌను గేటు కాపలా, వన్ టౌన్‌లో అద్దె గది. తాగడం మానలేదు. కొన్నేళ్లకు తిన్నది ఇమడక సగమైపోయాడు. సీతమ్మధారలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. నోట్లోంచి గొట్టం వేసి చూశారు. కడుపులో క్యాన్సర్. అప్పటికే కాలేయానికి పాకింది.

అతన్ని బయట కూర్చోమని, తాగితే ముఖం ఎర్రబడేదా అని ఆవిడ నన్నడిగింది. అవునన్నాను. మద్యం ఒంట్లోకి వెళ్లాక ముందు ఒక విషంగా మారుతుందట. దాన్ని అరిగించుకునే శక్తి కొందరికి పుట్టుకతోనే తక్కువట. వాళ్లు తాగితే విషం నిలిచిపోతుంది, ఇలాంటి జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆ ఎరుపే దానికి గుర్తు. దీనివల్లే వచ్చిందా అని అడిగాను. ఇదొక్కటే అని చెప్పలేం, కానీ ఇతను అసలు ముట్టకుండా ఉండాల్సింది, అంది.

బయట బెంచీ మీద అతనికి అంతా చెప్పాను. పోసింది నేనేనని కూడా చెప్పాను.



"నువ్వు పోసినావని తాగలేదు బావా. ఐదుగురు తాగతంటే నానొక్కడినే ఎలా కూకుంటాను?"

 

ఊరికి తీసుకెళ్లడానికి అతని తమ్ముడు వచ్చాడు. స్టేషన్‌లో కిటికీలోంచి ఇడ్లీ పొట్లం ఇచ్చాను. నీళ్లు కూడా దిగని మనిషి. బండి కదిలింది. నా వైపే చూస్తూ చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముక్క తుంచాడు. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా, నాకు కనబడేలా, నములుతూనే ఉన్నాడు.