సత్తార్ సార్ కుడిచెయ్యి

2022 వేసవిలో కడపలో ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేసేదాన్ని. అప్పటి కేసుల్లో మరిచిపోలేనిది సత్తార్ సార్‌ది. మంగంపేట ముగ్గురాయి గనుల ల్యాబులో కెమిస్టుగా చేసి రిటైరైన మనిషి. స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అదృష్టం కొద్దీ మాట దక్కింది.

మా పనిలో మొదట గోల్ సెట్టింగ్ ఉంటుంది. చెయ్యి తిరిగొస్తే ఏం చేసుకోవాలనుందో పేషెంటునే అడగడం. చాలామంది అన్నం కలుపుకుంటే చాలంటారు.

సార్ గదంతా ఒకసారి కలయజూశారు. "హార్మోనియం వాయించల్ల. వాచీలు విప్పి బిగించల్ల. నిమ్మకు అంట్లు కట్టల్ల. పావురాలకు గింజలు ఎయ్యల్ల. యాడ మొదలుపెడదామమ్మా?"

దాచడం దేనికి, నాకు ఒళ్లు మండింది. డిగ్రీ చేతికొచ్చాక నేను కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. ఆదివారమొస్తే నిద్రపోతాను. ఈయనకు డెబ్బై దాటాయి, ఒక చెయ్యి పనిచెయ్యదు, అయినా ఆయన రోజు నా రోజుకంటే నిండుగా ఉంది. ఒక్కో సరదాకు ఒక్కో స్నేహితుల గుంపు: మిద్దె మీద పావురాలవాళ్లు, వరండాలో వాచీలవాళ్లు, సాయంత్రమైతే పాటలవాళ్లు. నేను జ్వరంతో పడుకుంటే పలకరించడానికి ఇద్దరు రారు.

కుళ్లు కుళ్లే, పని పనే. స్ట్రోక్ తర్వాత తొలి నెలల్లో కదలిక రాకపోతే ఆ తర్వాత చాలా కష్టం. అందుకే ఆయన ఇష్టపడ్డవాటితోనే వ్యాయామాలు మొదలుపెట్టాను. హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టించాను, గింజలు ఏరించాను. చెయ్యి ఉలకలేదు, పలకలేదు. ఇష్టమైనవే చేతకాకపోయేసరికి ఆయన ముఖం రోజురోజుకూ వాడిపోయింది. ఒకరోజు హార్మోనియాన్ని లోపల పెట్టేయమన్నారు.

ఆ రోజే ఆయన భార్య హసీనమ్మ మజ్జిగ తెచ్చారు. పట్టు వస్తుందేమోనని గ్లాసును ఆయన కుడి అరచేతిలో పెట్టి, జారకుండా కింద నా చెయ్యి ఉంచాను. అప్పుడు ఆయన ఎడమచెయ్యి దానంతటదే పైకి లేచింది. కనిపించని కొళాయి ఏదో తిప్పుతున్నట్టు వేళ్లు వంగాయి. కింద కుడి మణికట్టు మెల్లగా గుండ్రంగా తిరిగింది. నెలన్నర తర్వాత తొలి కదలిక అది.

హసీనమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "టీ గూడా ఇట్లనే కలుపుతాండెనమ్మా. స్పూన్ ఇస్తే ఆడనే పెట్టేస్తాండె."

నాకు ఇంటర్ ల్యాబు గుర్తొచ్చింది. అది టైట్రేషన్, సార్ ఉద్యోగమంతా చేసిన పని. బ్యూరెట్ అనే సన్నటి గాజు గొట్టం కొళాయిని కెమిస్టు ఎడమచేత్తో తిప్పుతాడు. కుడిచేత్తో కింద ఫ్లాస్కును ఆడిస్తూ, రంగు మారగానే ఆపేస్తాడు. మర్నాడే అలాంటి ల్యాబు ఫ్లాస్కు ఒకటి కొనుక్కొచ్చాను. మొదట మణికట్టు దారికొచ్చింది, తర్వాత వేళ్లు.

నాలో ఉన్న ఓర్వలేనితనం ఊరుకోలేదు. "చూసినారా సార్, మీ హాబీలు పిలిస్తే పలకలేదు. ఉద్యోగం పిలిస్తే పలికింది" అన్నాను.

"నిజమే. అవన్నీ నేను నేర్చుకున్యా. ఇది చెయ్యే నేర్చుకునింది." నా చేతివైపు చూసి అడిగారు. "మరి నీ చెయ్యి పడిపోతే దేన్ని ఎతుక్కుంటాదమ్మా?"

ఫ్లాస్కు మళ్లీ ఆయన చేతిలో పెట్టి, ఇంకో పదిసార్లు తిప్పమన్నాను. జవాబులేని ఆ ప్రశ్నకు ఆయన మీద మరింత కోపమొచ్చింది. ఆయన రెండు వేళ్లతో మళ్లీ హార్మోనియం వాయించిన రోజున కూడా నా సంతోషం సగమే.

కిందటేడు సార్ పోయారు. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు వెళ్లాను. పావురాలవాళ్లు ఆయన మావాడన్నారు. పాటలవాళ్లేమో కాదు కాదు, మావాడన్నారు. వాళ్లందరి మీదా కుళ్లుకున్నాను. ఆయన నాకు మిగిల్చింది ఒక పద్ధతి మాత్రమే. ఇప్పుడు ఏ పేషెంటునైనా ముందు ఏం కావాలని అడగను. ఆ చెయ్యి ఇన్నేళ్లూ ఏం చేసిందని ఇంట్లోవాళ్లను అడుగుతాను.

అలా అనుకుంటూ హసీనమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె నెమ్మదిగా, "నొప్పేం లేదులేమ్మా, ఇడ్సు" అన్నారు. కిందికి చూశాను. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు, ఆమె మణికట్టు నా చేతిలో ఉంది. నా బొటనవేలు పేషెంట్లకు చేసినట్టే దాన్ని మెల్లగా నిమురుతోంది.