మామయ్య పాతిన ఆరో గుంజ

మా మామయ్య రోడ్డు కూలీ. ఇరవై ఆరేళ్ళు ఒకే మట్టిరోడ్డు మీద గుంతలు పూడ్చాడు. గుంత ఎందుకు పడిందో పూడ్చేవాడికి తెలుస్తుంది గానీ, దాని పక్కనుంచి జీపు తిప్పుకుని పోయే ఆఫీసరుకేం తెలుస్తుంది? వాన పడితే నీళ్ళు ఎక్కడెక్కడ రోడ్డు దాటుతాయో మామయ్య కళ్ళు మూసుకుని చెప్పేవాడు. "నీరు పల్లమెరుగు అంటారే, ఆ పల్లం నాకెరుక" అని గొప్పలు పోయేవాడు. ఆ గొప్ప ఆయనకు తగిందే.

ఆ రోడ్డును ఎత్తు చేసి తారు వేయడానికి మన ఇంజనీర్లకు సాయంగా వేరే దేశం నుంచి నిపుణులు వచ్చారు. వాళ్ళలో ఒక పొడుగాయన కొత్త పద్ధతి పెట్టాడు. తూములు ఎక్కడ కట్టాలో రోడ్డు కూలీనే అడగాలి. నీళ్ళు దాటే ప్రతి చోటా కూలీ ఒక గుంజ పాతాలి, పటంలో దాని పక్కన అతని పేరే రాస్తారు. ఇక్కడ కుదిరితే మిగతా రోడ్లకూ ఇదే పద్ధతి. "మా అందరి పరువూ నీ చేతిలో ఉందయ్యా" అన్నారు తోటి కూలీలు.

టేపు పట్టడానికి మామయ్య మా నాన్ననే పిలుచుకున్నాడు. చెల్లెలి మొగుడు, పైగా చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ కలిసి ఏడు గుంజలు పాతారు. గుంజ మొదలుకి ఎర్ర రంగు పూసి, అది ఆరకముందే గోతిలో దించి, చుట్టూ మూడు రాళ్ళు బిగించడం మామయ్య అలవాటు. ఆరో గుంజ సరిగ్గా మా తోట ఎదుట పడింది.

రోడ్డు పూర్తయ్యాక వచ్చిన రెండో వానకే గండి పడింది. ఆరో తూము చుక్క నీరు లేకుండా నోరు తెరుచుకుని ఉంది. నీళ్ళు దానికి నలభై అడుగుల ఇవతల రోడ్డును కోసుకుని వచ్చి మా తోటను ఇసుకతో కప్పేశాయి.

పొడుగాయన దుబాసీ అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. మామయ్య తూము పక్కనున్న గుంజను పట్టుకుని లాగాడు. అది ఊడి చేతికొచ్చింది.

"ఇది నేను పాతిన చోటు కాదండీ. నేను పాతితే ఇలా ఊడదు. రాళ్ళేవి?" అని నాన్న వైపు తిరిగాడు. "చెప్పు బావా, టేపు పట్టింది నువ్వే కదా!"

నాన్న తన చెప్పులకేసి చూస్తూ, "ఇక్కడే పాతావు బావా. మర్చిపోయుంటావు" అన్నాడు.

మామయ్య మా అమ్మ వైపు చూశాడు. అమ్మ కొంగు సర్దుకుంది.

పొడుగాయన కోప్పడలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మామయ్య భుజం తట్టి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే కూలీలను అడిగే పద్ధతి ఎత్తేశారు. తోటి కూలీలు మామయ్య పక్కన కూర్చుని అన్నం తినడం మానేశారు.

పొడుగాయన వచ్చి వెళ్ళిన నాలుగు రోజులకు పెరట్లో నీళ్ళ డ్రమ్ము కడుగుదామని పక్కకు దొర్లించాను. కింద మూడు రాళ్ళున్నాయి. మూడింటికీ ఒక పక్క ఎర్ర రంగు. మా నాన్న దేన్నీ పారేయడు కదా! మా తోట ఎదుట తూము లేకపోతే నీళ్ళు ఎత్తు రోడ్డుకు అవతలే ఆగిపోతాయనుకుని గుంజ జరిపాడు, రాళ్ళు ఇంటికి తెచ్చుకున్నాడు. కంచె చేను మేయడం విన్నాను గానీ, చేను కోసం మనిషిని మేయడం మా ఇంట్లోనే చూశాను.

అమ్మను పిలిచి చూపించాను. "తెచ్చిన రోజే చూశానే. ఏం చేయమంటావు, మన తోట కదా" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రాళ్ళు గంపలో వేసుకుని గండి దగ్గరికి వెళ్ళాను. మామయ్య ఒక్కడే పూడుస్తున్నాడు. ఒక రాయి తీసుకుని రంగును బొటనవేలితో రుద్ది చూశాడు. ఎక్కడ దొరికాయని అడగలేదు. నాన్న ఊసే ఎత్తలేదు.

"మీ అమ్మకి తెలుసా?" అన్నాడు.

"తెలీదు మామయ్యా."

"అదీ! తెలిస్తే నా చెల్లెలు ఊరుకునేదా?" అంటూ మూడు రాళ్ళూ గండిలో వేసి, పైన మట్టి పోశాడు.