పనికాలం బొమ్మ

మా రామకృష్ణప్ప మామ తమిళనాడు హరూర్‌లో గోడల మీద అక్షరాలు రాసి బతికాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన కుంచెకు గిరాకీ పోయింది. అందుకే ఐస్‌క్రీం కొట్టు పెడుతున్న కలైయరసన్ పిలిచి, లోపలి గోడ నిండా పనికాలం బొమ్మ వేయమంటే ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు. బొమ్మ నచ్చితే కలైయరసన్ కట్టిస్తున్న కల్యాణ మండపం గోడలన్నీ మామకే. నచ్చకపోతే కుంచె అటకెక్కించి, మామిడి మండీలో బుట్టలు మోయడమే.

తమిళంలో పని అంటే మంచు. తెలుగు మాట్లాడే మా ఇళ్లలో పని అంటే పనే. "పనికాలం వచ్చె" అని మామ చెబితే, తిమ్మమ్మత్త పని దొరికిందనుకుని సంతోషపడింది. ఆమె అనుకున్నదీ తప్పు కాదు.

మామకు తెలిసిన పనికాలం ఒకటే, మార్గళి నెల తెల్లవారుజామున పట్టే పొగమంచు. తెల్లరంగులో కాస్త నీలం, కాస్త నలుపు కలిపాడు. దగ్గరి మేకలను ముదురుగా వేసి, వెనక్కి పోయేకొద్దీ రంగు పలచన చేశాడు. తడి ఆరకముందే గుడ్డతో అద్ది, తీర్థమలై కొండను సగం చెరిపేశాడు. చూస్తే నాకు ముక్కు కారినంత పనైంది. అన్నం తెచ్చిన అత్త కొండను గుర్తుపట్టి దండం పెట్టుకుంది.

కలైయరసన్ మాత్రం గోడనీ మామనీ మార్చి మార్చి చూసి, పని ఎక్కడ అని అడిగాడు. అంతా పనే కదా అన్నాడు మామ. అప్పుడాయన ఫోన్ తీసి ఏదో చలిదేశం ఫోటో చూపించాడు. నేలంతా తెలుపు, కొసదేరిన చెట్లు, దూరపు కొండ కూడా గీసినట్టు స్పష్టంగా ఉంది.

మామ బుర్ర గిర్రున తిరిగింది. పని పడితే కొండ కనబడకుండా పోవాలి గానీ ఇంత తేటగా ఎలా ఉంది? తెల్లటి నేల మీద నీడ నీలంగా ఎందుకుంది? నన్నడిగాడు. నేను మాత్రం చూశానా! కలైయరసన్ మీద ఒళ్లు మండింది. కానీ మన పొగమంచుకూ ఆ గడ్డమంచుకూ ఇద్దరూ అన్నది ఒకే మాట, ఎవరినని తిట్టను?

చివరికి మామ మేకల మీద, కొండ మీద తెల్లరంగు మందంగా పూసి, ఫోటోను చూసి దించాడు. కలైయరసన్ మురిసిపోయి మండపం ఖాయం చేశాడు.

కొట్టు తెరిచిన రోజు తిమ్మమ్మత్త గోడంతా ఈ కొస నుంచి ఆ కొసకు వెతికింది.

"మన కొండ యాడికి పోయె?" అని అడిగింది.

"పని కింద ఉండాది," అన్నాడు మామ.

ఏ పని అని అత్త అడగలేదు. కొండ ఉండిన చోటుకేసి దండం పెట్టుకుంది.