ఓస్తా స్కోపు మీద ఎర్ర గీత

“ఈసారి కూడా గాయంతో పారిపోతే? అది ఏ బండ చాటునో పడి మూలుగుతుంటే నేను ఇంట్లో కాఫీ తాగుతూ కూర్చోగలనా?”

కంకర గుంత పక్కనున్న గురి మైదానంలో ఓస్తా తుపాకిని బల్ల మీద దించింది. ఆమె ఊరి స్కూలు బస్సు నడుపుతుంది. ఏటా ఆగస్టులో నార్వేలోని హార్డాంగర్ పీఠభూమి ఎక్కి ఒక రెయిన్‌డీర్‌ను కొట్టి తెస్తుంది. చలికాలమంతా ఆ ఇంట్లో అదే కూర. కిందటేడు ఆమె కొట్టిన జంతువు కుంటుతూ పొగమంచులో కలిసిపోయింది. మర్నాడు అది దొరికేదాకా ఓస్తా ముద్ద ముట్టలేదు.

“గురి కుదరకపోతే ఈ ఏడు కొండెక్కను,” అంది.

పక్కింటి ఐనార్ గురి కాగితం వైపు చూశాడు. బడిలో రసాయనశాస్త్రం చెబుతాడు. ఇంట్లో మూడు నెలల పాప ఏడుపుతో నిద్రలేక అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

మోకాలి ఆపరేషన్ తర్వాత బరువు మొయ్యలేక ఓస్తా తేలికపాటి రైఫిల్ కొంది. మొదట్లో చక్కగానే కొట్టింది. బరువు ఇంకా తగ్గిద్దామని, గురి చూసే దుర్బిణిని, అంటే స్కోపును, తుపాకి మీద పట్టి ఉంచే ఉక్కు మౌంట్లు తీసి అల్యూమినియంవి బిగించింది. అదే వారం తూటాలు కూడా ఇంట్లో తనే కొత్త తుపాకిమందుతో నింపింది. ఇప్పుడు కాగితం మీద రంధ్రాలు కోడి చెదరగొట్టిన గింజల్లా ఉన్నాయి.

“మందే అయ్యుంటుంది. తగ్గించి చూడు, గుండు కూడా మార్చు,” అన్నాడు ఐనార్.

“మందు కాదు,” అన్నాడు వెనక నిలబడ్డ ఆమె అన్న హాల్వార్. “ఆ మౌంట్లు బిస్కెట్ డబ్బా రేకుతో చేశారు.”

“నీ నోటికి కూడా ఓ మౌంటు బిగించాలి,” అంది ఓస్తా. “రెండూ ఒకేసారి మార్చాను. ఏది దొంగో ఎలా తెలుస్తుంది?”

సంచిలోంచి గోళ్లరంగు సీసా తీసి, మౌంటు నుంచి స్కోపు గొట్టం మీదికి సన్నగా ఎర్ర గీత గీసింది. ఆరాక అవే తూటాలు పేల్చింది. తేలిక తుపాకి కదా, గాడిదలా తన్నింది.

ఐనార్ వంగి చూశాడు. గీత రెండు ముక్కలైంది. గొట్టం మీది ముక్క ముందుకు జరిగింది.

“అయితే మందు మంచిదే.”

“అప్పుడే అనకు. స్కోపు జారుతోందని తెలిసింది, అంతే.”

ఉక్కు మౌంట్లు మళ్లీ బిగించి, మళ్లీ గీత గీసి, అవే తూటాలు పేల్చింది. ఈసారి గీత తెగలేదు. మూడు రంధ్రాలూ ఇరవై క్రోన్ల నాణెం కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. స్కోపు మరలు తిప్పి గురిని నడిమికి తెచ్చింది. తుపాకి గొట్టం చల్లారనిచ్చి మళ్లీ కొట్టినా అక్కడే తగిలింది. అప్పటికిగాని మందును నమ్మలేదు.

“మరి బరువో?” అన్నాడు హాల్వార్.

“తుపాకి నేను మోస్తా. నా రొట్టె, నా ఫ్లాస్కు నువ్వు మొయ్యి.”

వేట మొదలైన వారంలోనే ఓస్తా కొండ దిగివచ్చింది. ఒకటే గుండు; జంతువు నిలబడ్డచోటే ఒరిగిందట. మాంసం పంచడానికి వస్తే ఐనార్ ఇంట్లో పాప ఇంకా ఏడుస్తోంది.

“పాలు మార్చాం, ఊయల ఉండే గది మార్చాం, పడుకోబెట్టే వేళా మార్చాం. ఏదీ పనిచెయ్యడం లేదు,” అన్నాడతను.

ఓస్తా ఊయల వైపు చూసి, మాంసం పొట్లం అతని చేతిలో పెట్టింది.

“అన్నీ ఎప్పటిలా పెట్టెయ్యి. తర్వాత ఒక్కటే మార్చు. అది మంచో చెడో తేలేదాకా రెండోదాని మీద చెయ్యి వెయ్యకు.”

ఐనార్ ఆ సాయంత్రమే పాలూ వేళా ఎప్పటిలా పెట్టేసి, ఊయలను పాత గదిలోకి జరిపాడు. పాలు ఒక్కటే మార్చి చూడడం వచ్చే వారం.